వెక్కిరించి పాడారా, మనసుపెట్టి పాడారా? రాక్, ఆల్టర్నేటివ్ కంట్రీ కవర్ పాటలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ రాక్, కంట్రీ (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం) పాటలు వినే మిత్రులు నలుగురు కలిస్తే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఈ కవర్ వెర్షన్ ప్రేమతో పాడాడా, వెటకారంగా పాడాడా?" ఏళ్ల తరబడి నన్ను ఇతరులు అడిగినవీ, నాకు నేను వేసుకున్నవీ ఇక్కడ పెడుతున్నాను. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు అయిపోయింది. కొన్నింటి దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చింది.

కవర్ పాట అంటే ఏమిటి? రీమిక్స్ లాంటిదేనా?

కాదు. రీమిక్స్‌లో పాత రికార్డింగే ఉంటుంది, దాని చుట్టూ కొత్త హంగులు చేరతాయి. కవర్‌లో పాట మాత్రమే పాతది. గొంతు, వాయిద్యాలు, రికార్డింగ్ అన్నీ కొత్తవి.

అమెరికాలో ఇన్ని కవర్లు రావడానికి చట్టం కూడా ఒక కారణం. 1909 కాపీరైట్ చట్టం నుంచీ అక్కడ ఒక ఏర్పాటు ఉంది. పాట ఒకసారి రికార్డుగా బయటికి వచ్చాక, చట్టం చెప్పిన రుసుము కట్టి ఎవరైనా దాన్ని మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. రాసినవాళ్లు కాదనడానికి వీల్లేదు. అయితే పాట మూల స్వభావాన్ని మార్చకూడదు.

మరి వెక్కిరించాలనుకుంటే? దానికి వేరే దారి ఉంది. రాయ్ ఆర్బిసన్ పాడిన 'ఓ, ప్రెటీ వుమన్'ను టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం పేరడీ చేసినప్పుడు ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పేరడీ కూడా న్యాయమైన వాడకం (అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే వాడకం) కిందికి రావచ్చని 1994లో తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అన్నారు. ఆ కేసులో రెండో పక్షం అక్యుఫ్-రోజ్, అంటే కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ పాటలను ప్రచురించిన సంస్థ, కంట్రీకి రాజధాని లాంటి నాష్‌విల్ నగరానిది. కంట్రీ సంగీతానికి గుండెకాయ లాంటి సంస్థే ఆ ప్రశ్నను కోర్టుకు తీసుకెళ్లిందన్నమాట.

ఆల్టర్నేటివ్ కంట్రీ అంటే మామూలు కంట్రీ కాదా?

పంక్ (గరుకైన, తిరుగుబాటు రాక్), రాక్ వింటూ పెరిగిన కుర్రాళ్లు పాత కంట్రీ పాటల వైపు తిరిగితే వచ్చిన సంగీతం అది. నాష్‌విల్ కంపెనీలు తళుకుబెళుకులతో అమ్మే కంట్రీ వాళ్లకు నచ్చలేదు, వాళ్ల అమ్మమ్మల కాలం నాటి పాటలు నచ్చాయి. ఇలినాయ్ రాష్ట్రంలో బెల్విల్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన అంకుల్ టుపెలో బృందాన్ని దీనికి మొదటి పేరుగా చెబుతారు. 1990లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ పేరు 'నో డిప్రెషన్'. ఆ పేరు 1936లో కార్టర్ ఫ్యామిలీ రికార్డు చేసిన భక్తి పాట నుంచి తీసుకున్నారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 'కష్టాలు లేని ఆ లోకానికి పోతాను' అని పాడుకున్న పాట అది. 1995లో మొదలైన ఒక పత్రిక కూడా అదే పేరు పెట్టుకుంది. చాలాకాలం ఈ ధోరణినే 'నో డిప్రెషన్' అని పిలిచేవారు. అంటే ఈ సంగీతానికి పేరు పెట్టిందే ఒక కవర్ పాట.

ఇక్కడ 'వ్యంగ్యం', 'నిజాయితీ' అని ఏ అర్థంలో అంటున్నారు?

మూలాన్ని ఉన్నదున్నట్టు దించేయడాన్ని నేను నిజాయితీ అనడం లేదు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా వాళ్లు ఘంటసాలను అచ్చు గుద్దినట్టు పాడతారు. అది నైపుణ్యం. నేను అడిగేది వేరు: పాడేవాడు పాటకు ఎక్కడ నిలబడి పాడుతున్నాడు? పాటకు పైన నిలబడి, "చూడండి, ఇలాంటివి కూడా రాస్తారు" అని వేలు చూపిస్తున్నాడా? లేక పాట లోపలికి దిగి, ఆ మాటలు తన సొంత మాటలైతే ఏమవుతుందో దానికి సిద్ధపడి పాడుతున్నాడా?

పైన నిలబడ్డవాడికి ప్రమాదం లేదు. పాట బాగా రాకపోతే నవ్వులాటకే పాడానని తప్పుకోవచ్చు. లోపలికి దిగినవాడికి ఆ సౌకర్యం ఉండదు. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది. అలాగని ఎగతాళి అంతా చెడ్డదని అనను. శ్రీశ్రీ కవితకు జరుక్ శాస్త్రి పేరడీ చదివినవాళ్లకు తెలుసు, ఒక కవితను ఎంతో ప్రేమించి, నోటికి వచ్చేదాకా చదివినవాడే దాన్ని అంత బాగా అనుకరించగలడు.

ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

అంతకుముందూ ఉంది కానీ, నేనైతే 1968 నుంచి మొదలుపెడతాను. బర్డ్స్ అనే కాలిఫోర్నియా రాక్ బృందం ఆ ఏడాది 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో' అనే ఆల్బమ్ తెచ్చింది. అందులో 'ద క్రిస్టియన్ లైఫ్' అనే పాట ఉంది. అది లూవిన్ సోదరులది. అలబామా కొండ ప్రాంతంలో పెరిగిన ఐరా, చార్లీ అన్నదమ్ములు 1959లో 'సేటన్ ఈజ్ రియల్' అనే ఆల్బమ్‌లో దాన్ని పాడారు. నా పాత స్నేహితులు నన్ను వదిలేసినా సరే, దైవమార్గమే నాకిష్టం అని చెప్పే పాట అది.

బర్డ్స్ రికార్డులో దాన్ని రోజర్ మెగ్విన్ పాడాడు. మెగ్విన్ షికాగో మనిషి. పాటకోసం దక్షిణాది యాసను అరువు తెచ్చుకున్నాడు, పైగా దాన్ని కాస్త ఎక్కువగా సాగదీశాడు. 1968లో పొడుగు జుట్టు రాక్ గాయకుడు ఆ యాసలో దేవుడి మీద పాట పాడితే విన్నవాళ్లు కన్నుగీటుతున్నాడనే అనుకున్నారు. ఇప్పుడు విన్నా అలాగే అనిపిస్తుంది.

అసలు ఆ పాటను బృందంలోకి తెచ్చినవాడు గ్రామ్ పార్సన్స్. అతను కూడా పాడి రికార్డు చేశాడు. కానీ పాత కంపెనీతో అతనికున్న ఒప్పందం అడ్డొచ్చింది, కొన్ని పాటల్లో అతని గొంతు తీసేసి మెగ్విన్ గొంతు పెట్టారు. 1990లో వచ్చిన బాక్స్ సెట్‌తో పార్సన్స్ పాడినవి బయటికొచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. వాద్యాలు అవే, వేగం అదే, మాటలు అవే. పార్సన్స్ గొంతు సన్నగా, ఎక్కడ విరుగుతుందో అన్నట్టు ఉంటుంది. ఒక్క మాటనీ ఒత్తి పలకడు. ఆ నమ్మకం తనకు లేకపోయినా ఉంటే బాగుండునని ఆశపడేవాడు పాడినట్టు ఉంటుంది. గొంతు ఒక్కటి మారితే పాట అర్థం మొత్తం మారిపోవడం అంత స్పష్టంగా మరెక్కడా నాకు దొరకలేదు.

అదే ఏడాది మార్చిలో బర్డ్స్ నాష్‌విల్‌లో కంట్రీ సంగీతానికి పేరుమోసిన గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదిక ఎక్కారు. పక్షుల పేరు పెట్టుకున్న బృందం కదా అని జనంలో కొందరు పిట్టకూతలు కూసి గేలి చేశారు. కుర్రాళ్లు తమను వెక్కిరించడానికే వచ్చారని వాళ్ల అనుమానం. పార్సన్స్ మాత్రం ముందు అనుకున్న మెర్ల్ హ్యాగర్డ్ పాట వదిలేసి, తన నానమ్మకు అంకితమంటూ సొంత పాట 'హికరీ విండ్' పాడాడు.

కానీ పార్సన్స్ డబ్బున్న ఇంటి బిడ్డ, హార్వర్డ్‌లో చేరినవాడు. అతని కంట్రీ మాత్రం నిజమైనదా?

పుట్టుకను బట్టి తేల్చేస్తే చాలామంది పోతారు. లూవిన్ సోదరుల సంగతే చూడండి. 'దైవమార్గమే నాకిష్టం' అని అంత తీయగా పాడిన ఐరా లూవిన్ విపరీతమైన తాగుబోతు. కోపమొస్తే మాండలిన్ విరగ్గొట్టేవాడు. 1965లో కారు ప్రమాదంలో పోయాడు. అతను పాడింది అబద్ధమా? నాకలా అనిపించదు. తాను బతకలేకపోయిన బతుకు గురించి అతను పాడాడు. పార్సన్స్ కూడా అంతే. పాటలో నిజాయితీ ఉందా లేదా అన్నది ఆధార్ కార్డు చూసి చెప్పేది కాదు.

నమ్మకం లేనివాళ్లు భక్తి పాటలు పాడటం మోసం కాదా?

అంకుల్ టుపెలో గురించి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. 1992 మార్చిలో, ఊరూవాడా రాక్ బృందం నిర్వానా హోరెత్తుతున్న రోజుల్లో, వాళ్లు జార్జియా రాష్ట్రం ఏథెన్స్‌లో ఐదు రోజులు కూర్చుని ఒక అకూస్టిక్ ఆల్బమ్ చేశారు. ఆర్.ఇ.ఎం. గిటారిస్టు పీటర్ బక్ నిర్మాత. ఆల్బమ్ పేరు కూడా ఆ తేదీలే: 'మార్చి 16–20, 1992'. గని కార్మికుల పాట, సారా కాచేవాడి పాట, సైతాను రాజ్యం కూలాలనే పాట, అణుబాంబు వస్తే దేవుడే దిక్కనే లూవిన్ సోదరుల పాట, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. పాతికేళ్లు నిండీ నిండని జే ఫారర్ వాటిని డెబ్బై ఏళ్ల ముసలివాడి గొంతుతో పాడాడు.

ఎక్కడా నవ్వు లేదు. అదే సమయంలో "నాకు దర్శనమైంది" అన్న నటన కూడా లేదు. బెల్విల్ చుట్టుపక్కల ఒకప్పుడు బొగ్గు గనులుండేవి, ఆ ఊళ్లు వాళ్ల కళ్లముందే వెలవెలబోయాయి. సైతాను అన్న మాటకు ఫారర్ ఏ అర్థం చెప్పుకున్నాడో గానీ, ఆ భయం మాత్రం అతనికి తెలిసినదే. నాస్తికుడు త్యాగరాజ కృతి పాడితే తప్పా అని అడిగినట్టే ఉంటుంది ఈ ప్రశ్న. రాముడి మీద నమ్మకం లేకపోవచ్చు. పాడుతున్నంతసేపూ ఆ ఆర్తికి ఎదురు చెప్పకపోతే చాలు.

పంక్ వాళ్ల కవర్లన్నీ వెక్కిరింతలేనా?

సిడ్ విషస్ 1978లో పాడిన 'మై వే' వెక్కిరింతే. సినాట్రా 1969లో హుందాగా పాడిన పాటను అతను మొదట్లో గొంతు వంకర తిప్పి, తర్వాత అరిచి చించేశాడు. దాన్ని దాచలేదు కూడా. ఒక తరం, తన తండ్రుల తరం ఆత్మతృప్తిని కాలితో తన్నడం అది. దానికీ ఒక విలువ ఉంది. అయితే దాన్ని నేను మళ్లీ మళ్లీ వినను.

హస్కర్ డూ 1984లో పాడిన 'ఎయిట్ మైల్స్ హై' వేరు. అదీ బర్డ్స్ పాటే, 1966 నాటిది. బాబ్ మోల్డ్ చివరికొచ్చేసరికి మాటలు వదిలేసి కేకలే పెడతాడు. పైకి చూస్తే సిడ్ చేసిన విధ్వంసం లాగే ఉంటుంది. కానీ ఆ కేకలో వెక్కిరింత ఇసుమంత కూడా లేదు. చిన్నప్పుడు విన్న పాట ఇచ్చిన మాట నిలబడలేదన్న దుఃఖం ఉంది.

ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి వచ్చిన మీకాన్స్ కథ ఇంకా బాగుంటుంది. 1977లో మొదలైన పంక్ బృందం. కంట్రీ అంటే వాళ్లకు మొదట్లో వింత, అమెరికా సరుకు. 1984–85 గని కార్మికుల సమ్మె రోజుల్లో సమ్మె నిధి కోసం కచేరీలు చేశారు. సమ్మె ఓడిపోయింది. 1985లోనే వచ్చిన 'ఫియర్ అండ్ విస్కీ' ఆల్బమ్ చివర్లో 'లాస్ట్ హైవే' పాడారు. టెక్సస్‌కు చెందిన అంధ గాయకుడు లియాన్ పేన్ రాయగా, 1949లో హ్యాంక్ విలియమ్స్ పాడిన పాట అది. వాయించడం తడబడుతూ ఉంటుంది, ఫిడేలు పక్కకు జారిపోతుంది. అయినా ఓడిపోయినవాళ్ల సంగీతం కంట్రీ అని వాళ్లకు అప్పుడు అర్థమైనట్టుంది. వింతగా మొదలైన పరిచయం బంధుత్వమైంది. వాళ్లలో ఒకడైన జాన్ లాంగ్‌ఫర్డ్ తర్వాత షికాగో వెళ్లి స్థిరపడి, అక్కడి ఆల్టర్నేటివ్ కంట్రీకి పెద్దదిక్కుల్లో ఒకడయ్యాడు.

జానీ క్యాష్ 'హర్ట్' గురించి ఇంత ఎందుకు చెబుతారు?

చెప్పాలి కనుక.

1984లో కంట్రీ గాయకుడు క్యాష్ 'చికెన్ ఇన్ బ్లాక్' అనే హాస్యపు పాట పాడాడు. తన మెదడు తీసి కోడికి పెడతారు, అదీ కథ. వీడియోలో రంగురంగుల బట్టలు కట్టి దొంగ వేషం వేశాడు. తర్వాత దాని గురించి సిగ్గుపడ్డాడు. 1986లో కొలంబియా కంపెనీ అతన్ని వదులుకుంది. తనను తానే వెక్కిరించుకుంటే ఏం మిగులుతుందో చూసినవాడు అతను.

తర్వాత రిక్ రూబిన్ వచ్చాడు. హిప్‌హాప్, మెటల్ ఆల్బమ్‌లు చేసిన నిర్మాత. 1993 నుంచి క్యాష్‌ను ఒక్క గిటార్‌తో కూర్చోబెట్టి పాడించడం మొదలుపెట్టాడు. బెక్, సౌండ్‌గార్డెన్, డెపేష్ మోడ్ పాటలు పాడించాడు. ఇదంతా వ్యాపార ఎత్తుగడ కాదా అని అడుగుతారు. కంపెనీ వైపు నుంచి చూస్తే అదీ ఉంది. నైన్ ఇంచ్ నెయిల్స్ రాక్ బృందానికి చెందిన ట్రెంట్ రెజ్నర్ కూడా, తన పాటను క్యాష్ పాడతాడని తెలిసినప్పుడు ఇదేదో గిమ్మిక్కు అవుతుందేమో అని జంకాడు.

'హర్ట్' 1994లో ఇరవైల చివరలో ఉన్న రెజ్నర్ రాసింది. మత్తుమందు, తనమీద తనకే అసహ్యం. క్యాష్ 2002లో, డెబ్బై ఏళ్ల వయసులో పాడాడు. మాటల్లో ఒక్కటి మార్చాడు. కిరీటాన్ని వర్ణించే చోట బూతుమాట తీసి, దాన్ని ముళ్ల కిరీటం చేశాడు. బూతు పలకలేక చేసిన మార్పు కాదనిపిస్తుంది నాకు. క్రీస్తు తలమీది కిరీటం అక్కడికి రాగానే, ఒక యువకుడి ఆత్మద్వేషం ఒక ముసలివాడి పశ్చాత్తాపంగా మారిపోయింది.

మార్క్ రోమనెక్ తీసిన వీడియో చూసే ఉంటారు. టెనసీలోని హెండర్సన్‌విల్‌లో మూతపడి పాడైపోయిన క్యాష్ మ్యూజియం అది. పగిలిన అద్దాల వెనక బంగారు రికార్డులు. బల్లనిండా విందు భోజనం, చేతి వణుకుతో క్యాష్ ద్రాక్షసారాయిని ఆ భోజనం మీదే ఒంపేస్తాడు. మెట్ల మీద నిలబడి భార్య జూన్ కార్టర్ అతన్నే చూస్తూ ఉంటుంది, ఆ చూపులో ప్రేమ, భయం రెండూ ఉన్నాయి. చివర్లో అతను పియానో మూత మూసి, దానిమీద చేత్తో నెమ్మదిగా నిమురుతాడు. జూన్ 2003 మే 15న పోయింది. సెప్టెంబర్ 12న క్యాష్ పోయాడు. వీడియో చూశాక రెజ్నర్, ఆ పాట ఇక తనది కాదనిపించిందన్నాడు.

నేనిది మొదట 2004లో హైదరాబాద్‌లో, అమీర్‌పేట హాస్టల్ గదిలో స్నేహితుడి కంప్యూటర్‌లో చూశాను. గదిలో నలుగురం ఉన్నాం. మాలో ఒక్కడికీ కంట్రీ సంగీతమంటే ఏమిటో తెలియదు. పాట అయ్యాక చాలాసేపు ఎవరూ మౌస్ ముట్టుకోలేదు.

ర్యాప్ పాటలను కంట్రీ బాణీలో పాడటం సరదాగానే ఉంటుంది కదా, అందులో తప్పేముంది?

ఈ ప్రశ్న దగ్గర నాకు ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే నేనూ నవ్వినవాడినే. టెక్సస్‌లోని ఆస్టిన్‌కు చెందిన గోర్డ్స్ బృందం 1990ల చివర్లో స్నూప్ డాగ్ పాట 'జిన్ అండ్ జ్యూస్'ను మాండలిన్‌తో, పల్లెటూరి యాసలో పాడింది. ఇంటర్నెట్‌లో ఫైళ్లు పంచుకునే రోజుల్లో అది ఊరంతా తిరిగింది, అదీ ఫిష్ అనే మరో బృందం పేరు తగిలించుకుని. నా దగ్గరున్న ఎంపీ3 మీద కూడా ఏళ్ల తరబడి ఫిష్ అనే ఉండేది. పాడిన గోర్డ్స్‌కు పేరు కూడా సరిగా దక్కలేదు.

గోర్డ్స్‌ను నేను నిందించను. వాళ్ల వాయింపులో నిజమైన హుషారు ఉంది, శనివారం రాత్రి పార్టీ ఎక్కడైనా ఒకటే అన్న సంతోషం ఉంది. కానీ ఆ దారిలో వచ్చిన చాలా పాటల్లో నవ్వు ఒకే చోట నుంచి పుడుతుంది: నల్లజాతి కుర్రాడి మాటలు తెల్లజాతి గొంతులో ఎంత వింతగా ఉన్నాయో చూడండి అని. బెన్ ఫోల్డ్స్ 2005లో డాక్టర్ డ్రే పాట ఒకదాన్ని పియానో మీద విషాద గీతంలా పాడాడు. బూతులు, ఆడవాళ్లమీద తిట్లు అన్నీ అలాగే. సంగీతం నిజంగా అందంగా ఉంటుంది. జనం మాత్రం ఆ మాటలను గట్టిగా అరిచి పాడటానికి దాన్ని అడిగేవారు. తర్వాత్తర్వాత అతనే వేదిక మీద పాడటం మానేశాడు. పైన నిలబడి పాడిన పాట చివరికి ఎవరి నెత్తిన పడుతుందో పాడేవాడి చేతిలో ఉండదు.

ఇదే దారిలో ఎదురువైపు నుంచి నడిచినవాడు రే చార్ల్స్. 1962లో అంధుడైన ఆ నల్లజాతి గాయకుడు కంట్రీ పాటలతో రెండు ఆల్బమ్‌లు చేశాడు. డాన్ గిబ్సన్ రాసిన 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ' ఐదు వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. అందులో కన్నుగీటు ఎక్కడా లేదు.

వెక్కిరింతగా రాసిన పాటను మనసుపెట్టి పాడితే ఏమవుతుంది?

అన్నిటికంటే నాకిష్టమైన ప్రశ్న ఇదే. స్కాట్లండ్‌కు చెందిన వాసలిన్స్ బృందం, చర్చిలో పిల్లలు పాడే 'నేను యేసుకు సూర్యకిరణాన్ని' అనే పాటకు పేరడీ రాసింది. యేసుకు నాలాంటివాడు అక్కర్లేదు అన్నది దాని సారాంశం. 1993 నవంబర్ 18న న్యూయార్క్‌లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ అనే టీవీ కార్యక్రమం కోసం నిర్వానా దాన్ని పాడింది. నిర్వానా గాయకుడు కర్ట్ కోబేన్ నోట్లో అది పేరడీగా మిగల్లేదు. తాను ఎవరికీ అక్కర్లేదని నమ్ముతున్న మనిషి మాట అయిపోయింది. అదే రాత్రి చివర్లో లెడ్ బెల్లీ పాడే పాత జానపదం ఒకటి పాడాడు. ఆఖరి చరణంలో గొంతు చించుకుని అరిచి, చివరి వాక్యం మధ్యలో ఒక్క క్షణం ఆగిపోతాడు. కళ్లు తెరుస్తాడు, ఊపిరి పీల్చుకుంటాడు, ముగిస్తాడు. ఐదు నెలల తర్వాత అతను లేడు.

కోబేన్ రాసిన 'ఇన్ బ్లూమ్'కు కూడా ఇలాంటిదే జరిగింది. అర్థం తెలియకుండా తన పాటలకు తలలూపే అభిమానుల మీద ఎత్తిపొడుపు అది. 2016లో కెంటకీ గాయకుడు స్టర్గిల్ సింప్సన్ 'ఎ సెయిలర్స్ గైడ్ టు ఎర్త్'లో దాన్ని నెమ్మదిగా, స్టీల్ గిటార్‌తో, చివర్లో బాకాలతో పాడాడు. ఆ ఆల్బమ్ అంతా కొత్తగా పుట్టిన తన కొడుక్కి తండ్రి రాసే ఉత్తరంలా ఉంటుంది. 'దాని అర్థమేమిటో అతనికి తెలియదు' అనే మాట తర్వాత 'ఒకరిని ప్రేమించడమంటే' అని చేర్చాడు. రెండు మూడు మాటలే. ఎత్తిపొడుపు కాస్తా, ఎదిగే మగపిల్లాడి గురించి తండ్రి పడే బెంగగా మారింది.

నెమ్మదిగా, ఒక్క గిటార్‌తో పాడితే నిజాయితీ వచ్చేసినట్టేనా?

లేదు. ఇప్పుడు సినిమా ట్రైలర్లలో, ప్రకటనల్లో ప్రతి హుషారు పాటనూ ఒక ఆడగొంతు గుసగుసగా పాడుతోంది. అది విషాదపు మేకప్.

కెనడా బృందం కౌబాయ్ జంకీస్ నెమ్మదితనం వేరు. 1987 నవంబర్ 27న టొరంటోలోని హోలీ ట్రినిటీ చర్చిలో, ఒకే ఒక్క మైక్రోఫోన్ చుట్టూ నిలబడి ఆల్బమ్ దాదాపు మొత్తం రికార్డు చేశారు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 'స్వీట్ జేన్'ను మార్గో టిమిన్స్ పాడిన తీరు వింటే, ఆమె ఆ పాటకు ఏదో చేసినట్టు ఉండదు, పాట వచ్చేదాకా ఆమె ఆగినట్టు ఉంటుంది. రాసిన లూ రీడ్ కూడా ఆ వెర్షన్‌ను ఎంతో మెచ్చుకున్నాడు. ఇయర్‌ఫోన్లలో వినండి, గదిలోని గాలి కూడా వినిపిస్తుంది.

ముఖంలో ఏ భావమూ లేకుండా పాడేవాళ్లను ఎలా అర్థం చేసుకోవాలి?

1996లో కేక్ బృందం 'ఐ విల్ సర్వైవ్' పాడినప్పుడు జాన్ మెక్రే గొంతు రైల్వే అనౌన్స్‌మెంట్‌లా చప్పగా ఉంటుంది. అసలు గాయని గ్లోరియా గేనర్‌కు అందులో చేర్చిన బూతుమాట నచ్చలేదు. నేనూ మొదట అది జోకనే అనుకున్నాను. తర్వాత ఒకసారి బాగా దెబ్బతిన్న రోజుల్లో విన్నాను. ఏడవడం ఇష్టంలేని మగవాడు అలాగే మాట్లాడతాడు.

టేలర్ స్విఫ్ట్ పాటలను రాక్ గాయకుడు పాడితే 'ఇప్పుడు లోతు వచ్చింది' అంటారెందుకు?

2015లో రయన్ ఆడమ్స్ ఆమె '1989' ఆల్బమ్‌లోని పదమూడు పాటలనూ పాడి విడుదల చేశాడు. అతను మనసుపెట్టే పాడాడు, స్విఫ్ట్ సంతోషించింది కూడా. ఇబ్బంది విన్నవాళ్లతో వచ్చింది. గిటార్ పట్టుకున్న మగవాడు పాడేసరికి అవే మాటలు 'గంభీరం' అయ్యాయి. ఆమె పాడినప్పుడూ లోతు ఉంది, వినడానికి కొందరు సిద్ధంగా లేరంతే.

ల్యూక్ కూంబ్స్ 2023లో ట్రేసీ చాప్‌మన్ 'ఫాస్ట్ కార్' పాడిన తీరు నాకు ఇంకా నచ్చింది. 1988 నాటి ఆ పాటలో మాట్లాడేది దుకాణం కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి. చాలామంది గాయకులు ఇలాంటి చోట అమ్మాయిని అబ్బాయిగా మార్చేస్తారు. కూంబ్స్ ఆ మాట మార్చలేదు. ఆ కథ ఆమెది, తాను దాన్ని మోస్తున్నాడంతే. ఆ పాటతో, తానొక్కతే రాసిన పాట కంట్రీ రేడియో చార్టులో మొదటి స్థానానికి చేరిన తొలి నల్లజాతి మహిళ అయింది చాప్‌మన్. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. ఆమె గిటార్ మొదలుపెట్టగానే కూంబ్స్ ఆమెవైపు చూసిన చూపు చూడండి, పెదవులతో ఆమె పాడే మాటలను తనలో తాను అనుకుంటూ ఉంటాడు.

కొత్తగా వినేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

'ద క్రిస్టియన్ లైఫ్' మూడు వెర్షన్లతో: లూవిన్ సోదరులు, మెగ్విన్, పార్సన్స్. అన్నీ కలిపి పది నిమిషాలు కూడా పట్టవు. ఆ తర్వాత కౌబాయ్ జంకీస్. 'హర్ట్' వీడియో లేకుండా ఒకసారి, వీడియోతో ఒకసారి. ఒకేరోజు అన్నీ వినొద్దు.

మీరు అన్నిటికంటే కష్టంగా విన్న కవర్ ఏది?

కంట్రీ గాయకుడు స్టీవ్ ఎర్ల్ ఆల్బమ్ 'జే.టీ.' టెక్సస్ గాయకుడు టౌన్స్ వాన్ జాంట్ అతనికి గురువు లాంటివాడు. 1982లో కొడుకు పుడితే ఆయన పేరు కలిపి జస్టిన్ టౌన్స్ ఎర్ల్ అని పెట్టుకున్నాడు. 2009లో ఎర్ల్ గురువు పాటలతో 'టౌన్స్' అనే ఆల్బమ్ చేసినప్పుడు ఒక పాటను తండ్రీకొడుకులు చరణం చరణం పంచుకుని పాడారు. అప్పటికి జస్టిన్ కూడా పేరున్న గాయకుడు.

2020 ఆగస్టులో జస్టిన్ నాష్‌విల్‌లో చనిపోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు. కొన్ని నెలల్లోనే స్టీవ్ ఎర్ల్ తన బృందాన్ని పోగుచేసి కొడుకు రాసిన పది పాటలు పాడాడు. 2021 జనవరి 4న, జస్టిన్ ముప్ఫై తొమ్మిదో పుట్టినరోజున విడుదల చేశాడు. దానిమీద తనకొచ్చే డబ్బంతా జస్టిన్ చిన్న కూతురి ట్రస్టుకు ఇచ్చాడు.

'హార్లెమ్ రివర్ బ్లూస్' కూడా అందులో ఉంది. నదిలో మునిగి చనిపోవడానికి బయల్దేరిన మనిషి పాట, కానీ చర్చి పాటలా చప్పట్లు కొట్టించే హుషారు బాణీ. కొడుకు పాడినప్పుడు ఆ హుషారుకూ ఆ మాటలకూ మధ్య ఒక చిన్న చమత్కారం ఉండేది. తండ్రి ఆ హుషారు తగ్గించలేదు. బాణీ మార్చలేదు. గరుకు గొంతుతో అలాగే పాడాడు. చివరి పాట ఒక్కటే తాను రాసుకున్నది. ఫోన్‌లో కొడుకుతో మాట్లాడిన ఆఖరి మాటల గురించి. ప్రేమిస్తున్నానని ఈయన అన్నాడు, నేను కూడా అని అతను అన్నాడు.